గుర్రాలకు శిష్యుడు, సవార్లకు గురువు: కర్నల్ అలోయిస్ పొద్‌హైస్కీ

మన సంఘం వార్షిక సంచికలో ప్రతి ఏడూ యుద్ధవీరుల గురించి, పతకాలు తెచ్చిన క్రీడాకారుల గురించి చదువుతూ ఉన్నాం. ఈసారి నేను ఒక మేష్టారి గురించి రాస్తాను. ఆయన కూడా మనలాగే యూనిఫాం వేసుకున్నవాడే. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ ఆయన సైన్యం ఓడిపోయింది. చిన్నప్పటి దేశం ఒకటి, పెద్దయ్యాక దేశం ఒకటి. మధ్యలో ఏడేళ్ళు ఆ దేశం కూడా మ్యాపులో లేకుండా పోయింది. అయినా, గుర్రపుస్వారీ నేర్పడం అనే ఒక్క పని పట్టుకుని ఆయన జీవితం సార్థకం చేసుకున్నారు. ఆయన పేరు అలోయిస్ పొద్‌హైస్కీ. ఆస్ట్రియా దేశస్థుడు. వియన్నాలోని స్పానిష్ రైడింగ్ స్కూల్‌కు దాదాపు 25 ఏళ్ళు డైరెక్టరు.

ఎక్కడి ఆస్ట్రియా, ఎక్కడి మనం, ఈయన గొడవ మనకెందుకు అనుకోవద్దు. నా బతుకుతెరువుకూ ఆయనకూ సంబంధం ఉంది. అందుకే ముందు నా సంగతి నాలుగు ముక్కలు చెప్పాలి.

నేను 1981లో సైన్యంలో చేరాను. గుర్రాల దగ్గర వేశారు. మా ఊళ్ళో ఒంటెద్దు బండి తోలడం తప్ప ఏమీ తెలియనివాణ్ణి. ఏడెనిమిదేళ్ళలో యూనిట్ జంపింగ్ టీములోకి వచ్చాను. 1989లో ప్రాక్టీసులో పడ్డాను. నడుము దెబ్బతింది. మెడికల్ కేటగిరీ తగ్గింది, ఇక పోటీలకు పనికిరావన్నారు. రంగరూట్లకు స్వారీ నేర్పమని రైడింగ్ స్కూల్లో వేశారు. అది నాకు శిక్షలాగే తోచింది. తను చేయలేనివాడే పక్కవాడికి నేర్పుతాడన్న మాట అప్పట్లో బారక్‌లో వినపడేది. ఆ ఉక్రోషమంతా రంగరూట్ల మీద చూపించేవాణ్ణి.

ఆ రోజుల్లో శ్రీకాకుళం వైపు కుర్రాడొకడు నా బ్యాచ్‌లో ఉండేవాడు. గుర్రమంటే వణుకు. వాడికి భయం పోగొడతానని, రికాబులు తీసేసి, రెండో వారంలోనే అడ్డుకర్ర దూకించాను. పడ్డాడు, మణికట్టు విరిగింది. ఆసుపత్రి నుంచి వచ్చాక గుర్రం మొహం చూడనన్నాడు. స్టోర్స్‌లో పని ఇప్పించమని అర్జీ పెట్టుకున్నాడు. వాడికి ధైర్యం లేదని నలుగురిలో నేనే అన్నాను. తప్పు ఎవరిదో నాకు తెలియజేసింది ఒక పుస్తకం.

యూనిట్ లైబ్రరీలో అట్ట ఊడిన ఆ పుస్తకాన్ని మా ఆఫీసరు ఒకాయన నా చేతిలో పెట్టారు. నా గుర్రాలే నా గురువులు అని అర్థం వచ్చే పేరు దానిది. రాసింది పొద్‌హైస్కీ. నా ఇంగ్లీషు అంతంతమాత్రం. డిక్షనరీ పక్కన పెట్టుకుని మూడు నెలలు చదివాను. తర్వాత ఆయన గురించి దొరికినదల్లా చదివాను. అలా కూడబెట్టుకున్నదే ఈ వ్యాసం.

సైనికుడి కొడుకు

పొద్‌హైస్కీ 1898 ఫిబ్రవరి 24న మోస్తార్ పట్టణంలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు బోస్నియా-హెర్జెగోవినాలో ఉంది. అప్పుడు అది ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలోది. తండ్రి ఆ సైన్యంలో ఆఫీసరు. కంటోన్మెంటు పిల్లల బాల్యం ఎలా ఉంటుందో మన పాఠకులకు వేరే చెప్పక్కర్లేదు. 1916లో, మొదటి ప్రపంచ యుద్ధం మధ్యలో, 18 ఏళ్ళ వయసులో ఆయన డ్రాగూన్ రెజిమెంటులో చేరారు. డ్రాగూన్లంటే గుర్రపు దళమే. పద్ధతి ప్రకారం స్వారీ పాఠాలు అక్కడే అబ్బాయి.

1918లో యుద్ధం ముగిసింది. దాంతోపాటే సామ్రాజ్యమూ ముగిసింది. చక్రవర్తి పోయాడు, రాజ్యం ముక్కలైంది. మిగిలిన చిన్న ఆస్ట్రియాకు అంత పెద్ద సైన్యంతో పని లేదు. ఇరవయ్యేళ్ళ కుర్ర ఆఫీసరుకు అంతకంటే అయోమయం ఏముంటుంది? మన పెద్దల్లో 1947లోనో, 1948 సెప్టెంబరు తర్వాత హైదరాబాదులోనో ఉన్న యూనిట్ చూస్తుండగానే లేకుండా పోయినవాళ్ళు ఉన్నారు. వాళ్ళకు ఆ బాధ తెలుసు.

పొద్‌హైస్కీ కొత్త ఆస్ట్రియా సైన్యంలో కొనసాగారు. గుర్రాన్ని వదల్లేదు. జంపింగ్ పోటీల్లో పాల్గొన్నారు. పోను పోను మనసు డ్రెసాజ్ మీదికి మళ్ళింది. తెలియనివారి కోసం చెబుతాను. డ్రెసాజ్ అంటే గుర్రాన్ని పరుగెత్తించడం కాదు, గెంతించడం కాదు. సవారు కూర్చున్న తీరుతో, కాలి ఒత్తిడితో, పగ్గం మీద వేళ్ళ కదలికతో చెబితే గుర్రం అర్థం చేసుకుని కొలిచినట్టు అడుగులు వేయడం. చూసేవాడికి సవారు ఏమీ చేయనట్టే కనిపించాలి. అదీ అందులో కష్టం.

లాంజ్ తాడు చివర

1933లో ఆయన్ను వియన్నాలోని స్పానిష్ రైడింగ్ స్కూల్‌కు విద్యార్థిగా పంపారు. ఈ స్కూలు కథ కొంచెం చెప్పుకోవాలి. 16వ శతాబ్దం నుంచి ఆస్ట్రియా రాజకుటుంబం నడిపిన స్వారీ పాఠశాల అది. మొదట్లో గుర్రాలు స్పెయిన్ నుంచి వచ్చేవి కనుక ఆ పేరు. 1580లో లిపిజ్జా అనే చోట రాజకుటుంబం అశ్వక్షేత్రం పెట్టింది. ఆ చోటు ఇప్పటి స్లొవేనియాలో ఉంది. అక్కడి గుర్రాలకే లిపిజ్జానర్లని పేరు. పుట్టినప్పుడు నల్లగానో ముదురు గోధుమరంగులోనో ఉంటాయి, ఏళ్ళు గడిచేకొద్దీ చాలావరకు పాలలా తెల్లబడతాయి. రాజభవనంలో వాటి కోసం 1735లో పూర్తయిన స్వారీ మందిరం ఉంది. తెల్లటి గోడలు, స్తంభాలు, పైన షాండ్లియర్లు. ఒక చివర, ఆ మందిరాన్ని కట్టించిన ఆరవ చార్లెస్ చక్రవర్తి చిత్రపటం. లోపలికి వచ్చే ప్రతి సవారూ టోపీ తీసి ఆ పటానికి వందనం చేస్తాడు. మనం పరేడ్ గ్రౌండులో నిశాన్‌కు సెల్యూట్ చేసినట్టే.

అక్కడికి వెళ్ళేనాటికి పొద్‌హైస్కీకి 35 ఏళ్ళు. పోటీల్లో పేరున్న ఆఫీసరు. అటువంటివాణ్ణి పట్టుకుని అక్కడి పాత మేష్టర్లు మొదటి రోజు నుంచీ లాంజ్ మీద పెట్టారు. లాంజ్ అంటే మనవాళ్ళందరికీ తెలుసు. గురువు మధ్యలో నిలబడి పొడుగాటి తాడుతో గుర్రాన్ని చుట్టూ తిప్పుతుంటాడు, శిష్యుడు రికాబులు లేకుండా, పగ్గాలు ముట్టకుండా కూర్చోవాలి. రంగరూట్ పాఠం అది. కర్నల్ స్థాయికి ఎదిగిన మనిషికి అదే పునాది అయింది. ఇదేం అవమానం అని ఆయన లేచి వెళ్ళిపోలేదు. నిటారుగా, వదులుగా, గుర్రం నడకలో కలిసిపోయి కూర్చోవడం మళ్ళీ మొదటి నుంచి నేర్చుకున్నారు.

ఆయనకు నేర్పిన పోలక్, జ్రుస్ట్, లిండెన్‌బవర్ అనే ముగ్గురూ ఆఫీసర్లు కారు. లాయంలో చిన్నప్పటి నుంచి పనిచేసి పైకొచ్చిన ప్రధాన సవార్లు. ఆ స్కూల్లో విద్య నోటి మాటగా, చేతి సాయంగా వస్తుంది. 1733లో ఫ్రాన్సు స్వారీ గురువు లా గెరినియేర్ ప్రచురించిన గ్రంథమే వాళ్ళకు ప్రమాణమైనా, అసలు చదువంతా గురువు కన్ను ముందే. పైగా అక్కడొక చక్కటి పద్ధతి ఉంది. కుర్ర సవారుకు ముసలి గుర్రాన్ని ఇస్తారు, కుర్ర గుర్రాన్ని అనుభవజ్ఞుడైన సవారుకు ఇస్తారు. ముసలి గుర్రం కుర్రవాడికి నేర్పుతుంది. ఆ కుర్రవాడు పెద్దవాడై ఇంకో పిల్ల గుర్రానికి నేర్పుతాడు. విద్య ఇలా మనిషి నుంచి గుర్రానికి, గుర్రం నుంచి మనిషికి చేతులు మారుతూ నాలుగొందల ఏళ్ళు బతికింది.

నేను ఈ పేజీలు చదివినప్పుడు శ్రీకాకుళం కుర్రాడే గుర్తొచ్చాడు. ఒలింపిక్స్‌కు వెళ్ళబోయే మనిషికి నెలల తరబడి లాంజ్ అవసరమైతే, బండి తప్ప ఎరగని పిల్లాడికి నేను పది రోజులు కూడా ఇవ్వలేదు. తీసింది రికాబులే, కానీ వాటితో పాటు వాడి నమ్మకాన్ని కూడా తీసేశాను.

నీరో అనే పనికిరాని గుర్రం

1934 నుంచి పొద్‌హైస్కీ సైన్యంలో కావల్రీ ఆఫీసర్లకు స్వారీ శిక్షకుడయ్యారు. నేర్పడమే వృత్తిగా మారిన మలుపు ఇది. ఆ పని చేస్తూనే నీరో అనే గుర్రాన్ని తయారుచేశారు. అది లిపిజ్జానర్ కాదు, రేసుల కోసం పెంచిన థరోబ్రెడ్. రేసుల్లో రాణించలేదు. అటువంటి గుర్రాన్ని చేరదీసి, ఏళ్ళ తరబడి ఓపికగా డ్రెసాజ్ నేర్పి, 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌కు తీసుకెళ్ళారు. స్వర్ణం, రజతం ఆతిథ్య దేశమైన జర్మనీ సవార్లు హైన్జ్ పొల్లే, ఫ్రీడ్రిష్ గెర్‌హార్డ్‌లకు వచ్చాయి. కాంస్యం నీరో మీద పొద్‌హైస్కీకి వచ్చింది.

పోటీలకు పనికిరాదని పక్కన పెట్టిన గుర్రం పతకం తెచ్చింది. పనికిరావని పక్కన పెట్టిన నాకు ఆ పేజీ ఎంత ధైర్యమిచ్చిందో మీరే ఊహించుకోండి. మనిషినైనా గుర్రాన్నైనా పనికిరాదని తేల్చడానికి ముందు, ఏ పనికి అన్నది చూడాలి.

చీకటి రోజులు

1938లో హిట్లర్ ఆస్ట్రియాను జర్మనీలో కలిపేసుకున్నాడు. ఆస్ట్రియా సైన్యం మొత్తం జర్మన్ సైన్యంలో విలీనమైంది. పొద్‌హైస్కీ కూడా ఆ యూనిఫాం వేసుకున్నారు. 1939లో స్పానిష్ రైడింగ్ స్కూల్ డైరెక్టరయ్యారు. స్కూలు జర్మన్ సైన్యం అజమాయిషీలో ఉంది. ఇది దాచాల్సిన సంగతి కాదు, కప్పిపుచ్చకూడదు కూడా. ఆ ప్రభుత్వం చేసిన ఘోరాలు లోకానికి తెలుసు. ఆయన దాన్ని ఎదిరించి జైలుకెళ్ళిన మనిషి కాదు. తన చేతికొచ్చిన విద్యనూ, మనుషులనూ, గుర్రాలనూ కాపాడుకోవడమే ధ్యేయంగా పెట్టుకున్న వృత్తి సైనికుడు. అది చాలా, చాలదా అన్నది చదివేవారు ఎవరికి వారు తేల్చుకోవలసిన ప్రశ్న. నేనైతే ఆయన్ను దేవుణ్ణి చేయను. మంచి మేష్టారిగానే చూస్తాను.

1942లో పైవాళ్ళు ఒక పని చేశారు. ఆస్ట్రియాలోని పైబర్ అశ్వక్షేత్రంలో ఉన్న లిపిజ్జానర్ ఆడగుర్రాలను, పిల్లలను బొహీమియాలోని హోస్టావ్‌కు తరలించారు. ఆ ఊరు ఇప్పుడు చెక్ దేశంలో ఉంది. మగ గుర్రాలు వియన్నాలో, తల్లులూ పిల్లలూ ఇంకో చోట. వంశం రెండు ముక్కలైంది. ఒక్క ముక్క పోయినా మొత్తం పోయినట్టే.

1945 వచ్చేసరికి వియన్నా మీద బాంబులు పడుతున్నాయి. తూర్పు నుంచి సోవియట్ సేనలు వస్తున్నాయి. స్కూలును కదిలించడమంటే నగరం పడిపోబోతోందని ఒప్పుకోవడమే కనుక అనుమతి దొరకలేదు. తిరగ్గా తిరగ్గా చివరికి మార్చిలో దొరికింది. రైలు పెట్టెల్లో మగ గుర్రాలను ఎక్కించి పడమరగా ఎగువ ఆస్ట్రియాలోని సాంక్ట్ మార్టిన్ అనే ఊరికి బయల్దేరారు. భార్య వెరేనా కూడా ఆయన వెంటే ఉన్నారు. ఆ ఊళ్ళో ఒక జమీందారీ కోట లాయంలో గుర్రాలకు చోటు దొరికింది. ఊరు శరణార్థులతో నిండిపోయి ఉంది. మనుషులకే తిండి లేని రోజులు. గుర్రమంటే కళ కాదు, మాంసం. ఆ స్థితిలో రాత్రీ పగలూ కాపలా పెట్టుకుని గుర్రాలను కాపాడుకున్నారు. ఏప్రిల్ 13న వియన్నా సోవియట్ సేనల చేతికి చిక్కింది.

1945 మే 7

మే మొదటివారానికి సాంక్ట్ మార్టిన్‌కు అమెరికన్ సేనలు వచ్చేశాయి. ఆ సైన్యాధిపతి జనరల్ జార్జ్ పాటన్. పాటన్ ట్యాంకుల మనిషిగానే మనకు తెలుసు గానీ, మొదట ఆయన కావల్రీ ఆఫీసరు. 1912 స్టాక్‌హోం ఒలింపిక్స్‌లో మోడర్న్ పెంటాథ్లాన్‌లో పాల్గొని ఐదో స్థానంలో వచ్చారు. గుర్రం విలువ తెలిసినవాడు.

మే 7న పాటన్ ముందు, అమెరికా యుద్ధశాఖ ఉపమంత్రి రాబర్ట్ ప్యాటర్సన్ ముందు పొద్‌హైస్కీ తన గుర్రాలతో ప్రదర్శన ఇచ్చారు. షాండ్లియర్లు లేవు, చక్రవర్తి పటం లేదు. పల్లెటూరి స్వారీ మైదానం. సవార్లలో చాలామంది యుద్ధానికి పోయారు, ఉన్నవాళ్ళతోనే చేశారు. ప్రదర్శన చివర పొద్‌హైస్కీ గుర్రం మీద పాటన్ ఎదురుగా ఆగి, టోపీ తీసి, ఈ స్కూలును మీ రక్షణలోకి తీసుకోండని అందరి ముందూ కోరారు. ఓడిన సైన్యపు కర్నలు గెలిచిన సైన్యపు జనరల్ను అడిగారు. పాటన్ లేచి నిలబడి ఒప్పుకున్నారు. ఐరోపాలో జర్మనీ లొంగుబాటు పత్రం మీద సంతకం జరిగింది కూడా ఆ రోజే.

ఇక్కడ ఒక పొరపాటు సర్దాలి. ఈ ప్రదర్శన చూసి కరిగిపోయి పాటన్ ఆడగుర్రాలను విడిపించారని చాలామంది అనుకుంటారు. వరస అది కాదు. అంతకు తొమ్మిది రోజుల ముందే, ఏప్రిల్ 28న, కర్నల్ చార్లెస్ రీడ్ నాయకత్వంలోని అమెరికా 2వ కావల్రీ గ్రూపు హోస్టావ్‌కు చేరి అశ్వక్షేత్రాన్ని స్వాధీనం చేసుకుంది. సోవియట్ సేనలు వచ్చేలోగా గుర్రాలు చేతులు మారాలని అక్కడున్న జర్మన్ అధికారులే రహస్యంగా కబురు పెట్టారు. శత్రువులు ఇద్దరూ గుర్రాల కోసం ఒక మాట మీదికి వచ్చిన అరుదైన ఘట్టం అది. పొద్‌హైస్కీ అడిగింది స్కూలుకు రక్షణ, ఆడగుర్రాలు తిరిగి ఆస్ట్రియాకు రావడం. ఆ నెలలోనే రెండొందలకు పైగా లిపిజ్జానర్లు ఆస్ట్రియా చేరాయి. వాటిలో ఏవి తమవో గుర్తుపట్టి తీసుకొచ్చింది ఆయనే.

1963లో ఈ కథ మీద వాల్ట్ డిస్నీ సంస్థ సినిమా తీసింది. పొద్‌హైస్కీ వేషం రాబర్ట్ టేలర్ వేశారు.

సార్జెంటు పతకం

1948లో పొద్‌హైస్కీ మళ్ళీ ఒలింపిక్స్‌లో పాల్గొన్నారు, యాభయ్యేళ్ళ వయసులో. లండన్ క్రీడల్లో డ్రెసాజ్ పోటీ ఆల్డర్‌షాట్‌లో జరిగింది. ఆయనకు పతకం రాలేదు. కానీ ఆ పోటీలో జరిగిన ఒక సంగతి మన జేసీఓలు, ఎన్‌సీఓలు తెలుసుకోవాలి.

అప్పటి నియమం ప్రకారం సైన్యం నుంచి వచ్చే సవారు తప్పనిసరిగా ఆఫీసరై ఉండాలి. సార్జెంటుకు అర్హత లేదు. స్వీడన్ వాళ్ళు గెనాల్ పెర్సన్ అనే సార్జెంటును పోటీల కోసం లెఫ్టినెంటును చేసి తీసుకొచ్చారు. టీము స్వర్ణం గెలిచింది. పోటీలు అవగానే ఆయన్ను మళ్ళీ సార్జెంటును చేశారు. సంగతి బయటపడి 1949లో స్వీడన్ స్వర్ణం రద్దు చేశారు, అది ఫ్రాన్సుకు వెళ్ళింది. గుర్రానికి ఆయన భుజం మీది చుక్కలతో పనిలేదు, నియమానికే పని. ఈ గొడవ వల్ల నియమమే సిగ్గుపడాల్సి వచ్చింది. 1952 హెల్సింకీ నాటికి దారి అందరికీ తెరిచారు. పెర్సన్ తిరిగి వచ్చి 1952లోనూ 1956లోనూ టీము స్వర్ణాలు గెలిచారు. అదే హెల్సింకీలో, పోలియోతో మోకాళ్ళ కింద పట్టు లేని డెన్మార్క్ మహిళ లిస్ హార్టెల్ డ్రెసాజ్‌లో రజతం గెలిచారు.

మళ్ళీ ఇంటికి

యుద్ధం తర్వాత పదేళ్ళు ఆస్ట్రియా నాలుగు దేశాల ఆక్రమణలో ఉంది. స్కూలు వియన్నాకు వెళ్ళే వీలు లేదు. వెల్స్ అనే పట్టణంలో పాత బారక్స్‌లో తలదాచుకుంది. డబ్బు కోసం, పేరు నిలవడం కోసం పొద్‌హైస్కీ గుర్రాలను ఊరూరా, దేశదేశాలా తిప్పారు. 1950లో అమెరికా కూడా తీసుకెళ్ళారు. తమ గుర్రాలు ఎవరి సైనికుల వల్ల బతికాయో ఆ దేశంలో జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పాటన్ అది చూడలేదు. 1945 డిసెంబరులోనే కారు ప్రమాదం తర్వాత కన్నుమూశారు.

1955లో ఆస్ట్రియాకు స్వాతంత్ర్యం తిరిగి వచ్చింది. ఆ ఏడాదే తెల్ల గుర్రాలు వియన్నాలోని తమ మందిరానికి తిరిగి వచ్చాయి. పదేళ్ళ తర్వాత మళ్ళీ ఆ పటానికి టోపీ తీసి వందనం. డైరెక్టరుగా 1960ల మధ్య దాకా పనిచేసి విశ్రాంతి తీసుకున్నారు. అప్పుడు కూడా ఊరుకోలేదు. శాస్త్రీయ స్వారీ మీదా, తన గుర్రాల మీదా పుస్తకాలు రాశారు. నోటి మాటగా ఉన్న విద్యను కాగితం మీద పెట్టారు. 1973 మే 23న వియన్నాలో తుదిశ్వాస విడిచారు. ఆ స్కూలు విద్యను 2015లో యునెస్కో మానవజాతి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. 2008లో మొదటిసారి ఆడపిల్లలను కూడా శిక్షణలోకి తీసుకున్నారు.

ఆయన దగ్గర నేను నేర్చుకున్నది

పుస్తకం మూసేశాక నా రైడింగ్ స్కూల్లో నాలుగు మార్పులు చేశాను. గొప్ప కోసం చెప్పడం లేదు, ఎవరికైనా పనికొస్తాయని.

మొదటిది, గుర్రం మాట వినకపోతే తప్పు ముందు సవారుదే అని వెతకడం. ఆడలేక మద్దెల ఓడన్నట్టు గుర్రాన్ని తిట్టడం మాన్పించాను. అదే సూత్రం మేష్టారికీ వర్తిస్తుంది. కుర్రాడికి రాకపోతే నేను చెప్పిన తీరులో లోపం ఎక్కడుందో చూడాలి.

రెండోది, తొందర లేకపోవడం. వియన్నా స్కూల్లో నాలుగేళ్ళు నిండిన గుర్రాన్ని తెచ్చి, మొదట తిన్నగా నడవడం, తర్వాత మలుపులు, ఆ తర్వాతే నిలబడ్డ చోటే ట్రాట్ వేసే పియాఫ్, వెనక కాళ్ళ మీద లేచి నిలిచే లెవేడ్, గాల్లోకి ఎగిరి వెనక కాళ్ళు చాచే కాప్రియోల్. అన్ని గుర్రాలూ అన్నీ చేయవు. దేనికి ఏది వస్తుందో చూసి అదే నేర్పుతారు. ఏళ్ళు పడుతుంది. అందుకే అక్కడి గుర్రాలు ఇరవయ్యేళ్ళు దాటినా ప్రదర్శనలు ఇస్తాయి.

మూడోది, బహుమతి. అక్కడి సవార్ల కోటు తోకలో చక్కెర కోసం ఒక జేబు ఉంటుంది. గుర్రం సరిగా చేసిన క్షణంలోనే ముక్క చేతికి రావాలి. ఆలస్యమైతే దేనికిచ్చావో దానికి తెలియదు. రంగరూట్లకు నేను చక్కెర పెట్టలేదు గానీ, బాగా చేసినప్పుడు అప్పటికప్పుడే షాబాష్ అనడం నేర్చుకున్నాను. అంతకుముందు తిట్టడం ఒక్కటే వచ్చేది.

నాలుగోది, పాఠం ఎప్పుడూ బాగా వచ్చిన పనితోనే ముగించడం. గుర్రమైనా మనిషైనా రేపు మళ్ళీ రావాలనిపించేలా లాయానికి పోవాలి.

ఈ నాలుగింటికీ జీతం పెరగదు. కానీ అంతకుముందు బ్యాచ్‌కు ముగ్గురో నలుగురో పడి ఆసుపత్రికి పోయేవారు. తర్వాత అది బాగా తగ్గింది. శిక్ష అనుకున్న పనే ఇష్టమైపోయింది. 2007లో రిటైరయ్యాక కూడా అదే పని చేస్తున్నాను. హైదరాబాదు శివార్లలో ఒక క్లబ్బులో పిల్లలకు, ఉద్యోగస్థులకు స్వారీ నేర్పుతున్నాను.

మనవాళ్ళకు ఒక మాట

రిటైరయ్యే మన జవాన్లకు సెక్యూరిటీ గార్డు పని తప్ప ఇంకేదీ కనపడటం లేదు. గుర్రాల దగ్గర పనిచేసినవాళ్ళు, రిమౌంట్ వెటర్నరీ కోర్ వాళ్ళు, మౌంటెడ్ పోలీసులు కొంచెం ఆలోచించండి. హైదరాబాదు, బెంగళూరు, పుణె, ఢిల్లీ, జైపూర్ వంటి చోట్ల స్వారీ క్లబ్బులున్నాయి. గుర్రం కాలు పట్టుకుని నాడా ఊడిందో లేదో చెప్పగలిగినవాడు, కడుపునొప్పి లక్షణాలు ముందే పసిగట్టగలిగినవాడు వాళ్ళకు కావాలి. అవన్నీ మనకు వచ్చు. మనకు రానిది ఓపికగా నేర్పడం, పిల్లలతో మాట్లాడడం. అది నేర్చుకోవాలి. ఈక్వెస్ట్రియన్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా నియమాలు చదవాలి, ప్రథమ చికిత్స శిక్షణ తీసుకోవాలి, హెల్మెట్ లేకుండా ఎవరినీ గుర్రం ఎక్కనివ్వకూడదు. మొదట్లో సంపాదన తక్కువే ఉంటుంది. పొద్దున్నే ఐదింటికి లేవాలి. అది మనకు కొత్త కాదు.

1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో 61వ కావల్రీకి చెందిన రఘుబీర్ సింగ్ ఈవెంటింగ్‌లో స్వర్ణం గెలిచినప్పుడు నేను కొత్త సిపాయిని. ఆ రాత్రి లాయంలో అందరం లడ్డూలు పంచుకున్నాం. తర్వాత 41 ఏళ్ళకు, 2023లో హాంగ్‌ఝౌలో మన డ్రెసాజ్ టీము స్వర్ణం గెలిచింది. అనుష్ అగర్వాలా వ్యక్తిగత కాంస్యం కూడా గెలిచి, 2024లో పారిస్ ఒలింపిక్స్ డ్రెసాజ్‌లో మన దేశం తరఫున దిగాడు. టీవీ ముందు కూర్చుని చూస్తున్నప్పుడు నా కళ్ళు సవారు మీద లేవు. బరి అంచున నిలబడి, తనే గుర్రం మీద ఉన్నట్టు నడుము కదిలిస్తున్న కోచ్‌లు ఎక్కడున్నారా అని వెతికాను. పతకం వాళ్ళ మెడలో పడదు. అయినా వాళ్ళు లేకుండా పడదు.

శ్రీకాకుళం కుర్రాడు తర్వాత ఎక్కడికి పోస్టింగు వెళ్ళాడో నాకు తెలియదు. ఇప్పుడు వాడికీ యాభై దాటి ఉంటాయి. ఈ సంచిక మన సంఘం సభ్యులందరికీ చేరుతుంది కనుక, ఒకవేళ నువ్వు చదువుతుంటే, నాయనా, ఆ రోజు ధైర్యం లేనిది నీకు కాదు. ఓపిక లేనిది నాకు. క్లబ్బులో ఇరవై రెండేళ్ళ ముసలి గుర్రం ఒకటుంది, చాలా నెమ్మదస్తురాలు. లాంజ్ తాడు నేనే పట్టుకుంటాను. రికాబులు ఉంచుతాను.

జై హింద్.